పరుల పాపం, తన పాపం: సేలం న్యాయమూర్తి ఒప్పుకోలు

పాపం చేసిన సోదరుణ్ణి ఎలా ఎదుర్కోవాలి అన్న ప్రశ్నకు మత్తయి సువార్త రెండు చోట్ల సమాధానం చెబుతుంది. ఏడవ అధ్యాయంలో నలుసూ దూలమూ ఉపమానం ఉన్నది. ఎదుటివాని కంటిలో నలుసు తీయబోయేముందు నీ కంటిలోని దూలం సంగతి చూచుకోమని దాని సారాంశం. పద్ధెనిమిదవ అధ్యాయంలో ఉన్నది ఉపమానం కాదు, ఒక క్రమం. ముందు ఒంటరిగా వెళ్ళి అతనితో మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని వెళ్ళాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. సంఘం మాట కూడా వినకపోతే అతడిని వెలుపలివాడుగా చూడాలి.

ఈ రెండింటినీ కలిపి చదవాలని వేదాంతులు చెబుతూనే వచ్చారు. చరిత్రలో మాత్రం అవి విడివిడిగా నడిచాయి. మొదటి ఆదేశం ప్రార్థనగదిలో ఉండిపోయింది. రెండవది సభలోకి, అక్కడనుంచి న్యాయస్థానంలోకి, అక్కడనుంచి ఉరికంబం దగ్గరకు వెళ్ళింది. ఎందుకు ఇలా జరిగింది? మనుషుల దుర్మార్గం వల్ల అని చెప్పి ఊరుకోవటం తేలిక. కాని ఆ మనుషులు దుర్మార్గులు కారు. వారిలో చాలామంది తమ కాలంలో చదువుకున్నవారు, పాపభీతి గలవారు, రోజూ దినచర్య వ్రాసుకొని తమ తప్పులు తామే లెక్కపెట్టుకొన్నవారు. అసలు చిక్కు అక్కడే ఉన్నది. దీన్ని అర్థం చేసుకోవటానికి 1692లో అమెరికాలోని మసాచుసెట్స్ వలస రాజ్యంలో, సేలం అనే చోట జరిగిన మంత్రగత్తెల విచారణలకన్న మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. పరుల పాపాన్ని వేటాడిన మనుషులే అయిదేళ్ళలోపున తమ పాపం ఎదుట నిలబడవలసి వచ్చింది అక్కడ. కొందరు నిలబడ్డారు, కొందరు నిలబడలేదు. నిలబడినవారు ఏమన్నారో కాగితాలు మిగిలి ఉన్నాయి.

సేలం కథ తెలుగు పాఠకులకు కొంత తెలిసినదే. ఆర్థర్ మిల్లర్ నాటకం 'ది క్రూసిబుల్' 1953లో న్యూయార్కులో మొదటిసారి ప్రదర్శింపబడింది. కమ్యూనిస్టుల వేట పేరుతో మెకార్థీ అమెరికాలో సాగించిన దౌర్జన్యానికి అది ప్రతిబింబమని అందరూ గుర్తించారు. 1956లో ఆ నాటకకర్తనే ప్రతినిధుల సభ సంఘం పిలిపించి, పాత స్నేహితుల పేర్లు చెప్పమని అడిగింది. అతడు చెప్పలేదు. 1957లో ధిక్కార నేరం కింద శిక్ష వేశారు. 1958లో పై కోర్టు దాన్ని కొట్టివేసింది. ఇదంతా మన పత్రికలలో చర్చించిన విషయమే కనుక వదిలిపెడతాను. నాటకంలో లేని సేలం గురించి చెప్పాలని నా ఉద్దేశం.

న్యూ ఇంగ్లండులో స్థిరపడిన ప్యూరిటన్ల సంఘం మన ఊళ్ళలో మనం చూచే సంఘంవంటిది కాదు. బాప్తిస్మం పొందినంత మాత్రాన పూర్తి సభ్యత్వం రాదు. దేవుని కృప తన మీద ఎలా పనిచేసిందో సంఘానికి చెప్పి ఒప్పించాలి. చేరినవారందరూ ఒక నిబంధనకు కట్టుబడతారు. ఒకరి నడవడిని ఒకరు కనిపెట్టి ఉండటం, తప్పటడుగు వేసినవానిని హెచ్చరించటం అందులో భాగం. అది గూఢచర్యమని వారు అనుకోలేదు. ప్రేమ అనుకొన్నారు. తాగినవాడు, అప్పు ఎగవేసినవాడు, పెళ్ళయిన తొమ్మిది నెలలు నిండకముందే బిడ్డను కన్న దంపతులు ఆదివారం నాడు సభలో నిలబడి తప్పు ఒప్పుకొనేవారు. సంఘం క్షమించి లోపలికి తీసుకొనేది. మన పల్లెల్లో కులపంచాయతీలు వేసే వెలికీ, విధించే ప్రాయశ్చిత్తానికీ దీనితో కొంత పోలిక ఉన్నది. తేడా ఏమిటంటే ప్రాయశ్చిత్తంలో చేసే తంతు ప్రధానం, వీరిలో నోటితో చెప్పే మాట ప్రధానం. తెలుగు బైబిలులో దీనికి 'మారుమనస్సు' అనే చక్కని మాట ఉన్నది. మనస్సు మారిందని ఎదుటివానికి తెలిసేది మాటవల్లనే గనుక, ఒప్పుకోలు అన్నది ఆ సమాజంలో ఒక నాణెమై కూర్చుంది. నాణెం ఉన్నచోట దొంగ నాణెం కూడా పుడుతుంది.

1692 జనవరి, ఫిబ్రవరి నెలలలో సేలం గ్రామంలో పాదిరి శామ్యూల్ ప్యారిస్ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలకు మూర్ఛలవంటివి వచ్చాయి. ఒకతె తొమ్మిదేళ్ళ కూతురు, మరొకతె పదకొండేళ్ళ బంధువు అమ్మాయి. తరువాత గ్రామంలో పలుకుబడి గల పుట్నమ్ కుటుంబంలో పన్నెండేళ్ళ ఆన్‌కు పట్టుకొన్నాయి. మొదట పేరు బయటికి వచ్చిన ముగ్గురిలో ఒకతె బిచ్చమెత్తుకొనే సారా గుడ్, ఒకతె మంచాన ఉన్న సారా ఆస్బర్న్, మూడవది ప్యారిస్ ఇంటి బానిస టిట్యూబా. ఎవరి మీద నింద వేస్తే అడిగేవారుండరో వారి మీదనే ముందు వేయటం లోకరీతి. తెలంగాణ పల్లెల్లో బాణామతి చేసిందని అనుమానం వచ్చిన మనిషి పళ్ళు ఊడగొట్టిన ఉదంతాలు మనకు తెలియనివి కావు. అక్కడ కూడా మొదటి దెబ్బ తినేది ఒంటరి ముసలిదో, బీదవాడో.

కారణాలను చరిత్రకారులు చాలా తవ్వి తీశారు. రాజ్యాంగపత్రం 1684లో రద్దయి, కొత్తది 1692 మే నెలలో చేతికి వచ్చేవరకు వలస రాజ్యానికి స్థిరమైన ప్రభుత్వం లేదు. ఉత్తరపు సరిహద్దులో ఆదివాసులతో యుద్ధం నడుస్తున్నది. అక్కడనుంచి పారిపోయి వచ్చినవారు నింద వేసినవారిలోనూ ఉన్నారు, నింద పడ్డవారిలోనూ ఉన్నారు. గ్రామంలో పుట్నమ్‌లకూ, రేవు వ్యాపారంతో సంబంధమున్న కుటుంబాలకూ భూమి తగాదాలు, పాదిరి జీతం తగాదాలు. 1974లో బోయర్, నిస్సెన్‌బామ్ అనే ఇద్దరు ఈ ముఠాల పటం గీసి చూపారు. 2002లో మేరీ బెత్ నార్టన్ యుద్ధభయానికి ప్రాధాన్యమిచ్చింది. ఈ ఆర్థిక రాజకీయ కారణాలను కాదనేవాడిని కాను. కాని వాటితోనే ఆగిపోతే ఒక ప్రశ్న మిగులుతుంది. భూమి తగాదా పుట్నమ్‌లది. పెద్ద న్యాయమూర్తులలో కొందరు బోస్టన్‌నుంచి వచ్చినవారు. వారికి ఆ గ్రామంలో ఒక సెంటు భూమి లేదు. వారు ఎందుకు ఉరి వేశారు?

గవర్నరు ఫిప్స్ 1692 మే నెలలో ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటు చేశాడు. తొమ్మిదిమంది న్యాయమూర్తులు, పెద్ద విలియం స్టోటన్. ఒకరు మొదటి ఉరి తరువాత తప్పుకొన్నారు. మిగిలినవారు సెప్టెంబరు దాకా కొనసాగారు. పద్నాలుగుమంది స్త్రీలను, అయిదుగురు పురుషులను ఉరితీశారు. ఎనభై ఏళ్ళ గైల్స్ కోరీ విచారణకు ఒప్పుకోనందున అతని ఛాతీ మీద బండలు పేర్చి చంపారు. కనీసం అయిదుగురు జైలులో పోయారు. నింద పడ్డవారు నూటయాభైకి మించారు.

సాక్ష్యం ఏమిటంటే, ఫలానా మనిషి ఛాయారూపం వచ్చి నన్ను గిల్లింది అని ఆడపిల్లలు చెప్పటం. ఆ రూపం వారికి తప్ప ఎవరికీ కనిపించదు. సైతాను నిర్దోషి రూపాన్ని కూడా ధరించగలడా లేడా అన్నది వేదాంతులలో వివాదం. ధరించలేడని స్టోటన్ పట్టు. అంతకన్న ముఖ్యమైనది మరొకటి ఉన్నది. నేరం ఒప్పుకొని ఆ ఒప్పుకోలు మీద నిలబడినవారిలో ఒక్కరిని కూడా ఉరితీయలేదు. దాదాపు యాభైమంది ఒప్పుకొన్నారు, ఒప్పుకొని తోటివారి పేర్లు చెప్పారు. ఒప్పుకొని తరువాత వెనక్కు తీసుకొన్న శామ్యూల్ వార్డ్‌వెల్‌ను ఉరితీశారు. న్యాయమూర్తుల దృష్టిలో ఇది సంఘం ధర్మమే. పశ్చాత్తాపపడినవానిని కనికరించాలి, మొండికేసినవానిని శిక్షించాలి. ఫలితం ఏమయిందో చూడండి: అబద్ధమాడినవారు బతికారు, అబద్ధమాడటం పాపమని భయపడినవారు చచ్చిపోయారు. ఆ సంఘం తన పిల్లలకు నేర్పిన పాపభీతిని ఎవరు నిజంగా ఒంట పట్టించుకొన్నారో వారినే ఏరి ఏరి ఉరికంబమెక్కించింది.

రెబెకా నర్స్ సంగతి చూడండి. డెబ్బైఒక్క ఏళ్ళు, చెవుడు, భక్తురాలని ఊరంతా ఒప్పుకొన్న మనిషి. జ్యూరీ మొదట నిర్దోషి అన్నది. ఆరోపణ చేసిన పిల్లలు గోల పెట్టారు. ఒప్పుకొన్న మరొక స్త్రీని సాక్ష్యానికి తెచ్చినప్పుడు, ఈమె మాలో ఒకతె కదా అన్నట్టు నర్స్ ఏదో అన్నది. ఆ మాటను పట్టుకొని స్టోటన్ జ్యూరీని మళ్ళీ ఆలోచించమన్నాడు. జ్యూరీ ఆమెను అర్థమేమిటని అడిగింది. ఆమె బదులు చెప్పలేదు. ప్రశ్న వినిపించలేదని తరువాత చెప్పుకొన్నది. తనతోపాటు ఖైదులో ఉన్నది అనే అర్థంలో అన్నానని కూడా చెప్పింది. అప్పటికి తీర్పు మారిపోయింది. జూలై 3వ తేదీన సేలం పట్టణ సంఘం ఆమెను వెలివేసింది. 19వ తేదీన ఉరి తీశారు. ఆమె చెల్లెలు మేరీ ఈస్టీ తన వంతు వచ్చినప్పుడు న్యాయమూర్తులకు ఒక విన్నపం వ్రాసుకొన్నది. తన ప్రాణం అడగలేదు. తాను చావవలసిందేనని తెలుసు, ఇక ముందు నిర్దోషుల రక్తం చిందకుండా చూడండి, ఆరోపణ చేసినవారిని విడివిడిగా ఉంచి విచారించండి అని అడిగింది. ఆమె మాటలో వ్యంగ్యం కూడా లేదు. సెప్టెంబరు 22న ఉరి తీశారు.

ఈ మొత్తం గాథలో మత్తయి పద్ధెనిమిదవ అధ్యాయాన్ని అక్షరాలా ఆచరించిన మనిషి ఎవరు అని అడిగితే నేను మార్గరెట్ జేకబ్స్ పేరు చెబుతాను. పదహారు పదిహేడేళ్ళ పిల్ల. భయపెడితే ఒప్పుకొన్నది. తన తాత జార్జ్ జేకబ్స్ మీద, ఒకప్పుడు ఆ గ్రామంలోనే పాదిరిగా ఉన్న జార్జ్ బరోస్ మీద చెప్పింది. ఇద్దరికీ ఉరి పడింది. తన ప్రాణం దక్కినట్టే. అప్పుడు ఆ పిల్ల అంతా అబద్ధమని వెనక్కు తీసుకొన్నది. అలా చేస్తే ఏమవుతుందో తెలిసే చేసింది. అంతటితో ఆగలేదు. ఉరికి ముందురోజు, అంటే ఆగస్టు 18న, బరోస్ దగ్గరకు వెళ్ళి క్షమించమని వేడుకొన్నది. అతడు క్షమించి ఆమె కోసం ప్రార్థన చేశాడు. మర్నాడు అతన్నీ, ఆమె తాతనూ ఉరి తీశారు. ఉరికంబం దగ్గర బరోస్ ప్రభువు నేర్పిన ప్రార్థనను తప్పు లేకుండా చెప్పాడు. మంత్రగాడు చెప్పలేడని జనం నమ్మకం కనుక గుంపు కదిలింది. గుర్రం మీద ఉన్న కాటన్ మాదర్, బోస్టన్ పాదిరి, గొప్ప పండితుడు, సైతాను వెలుగుదూత వేషం వేస్తాడని చెప్పి వారిని శాంతపరిచాడు. చదువుకు ఇటువంటి ఉపయోగం కూడా ఉంటుంది. మార్గరెట్ జబ్బుపడి విచారణ వాయిదా పడటంచేత బతికింది.

ఆ పిల్ల ఒంటరిగా వెళ్ళింది, తాను అన్యాయం చేసిన మనిషి దగ్గరకే వెళ్ళింది, వెళితే ప్రాణానికి ముప్పని తెలిసి వెళ్ళింది. ఈ మూడూ గుర్తు పెట్టుకొంటే తరువాత పెద్దలు చేసిన ఒప్పుకోళ్ళ విలువ తెలుస్తుంది.

అక్టోబరులో గాలి మారింది. నిందలు పెద్ద ఇళ్ళ వరకు వచ్చాయి. ఇంక్రీస్ మాదర్ వంటి పెద్ద పాదిరి, ఒక నిర్దోషిని చంపటంకన్న పదిమంది అనుమానితులు తప్పించుకోవటమే మేలని వ్రాశాడు. ఫిప్స్ న్యాయస్థానాన్ని రద్దు చేశాడు. 1693 జనవరిలో మామూలు కోర్టు ఛాయారూప సాక్ష్యాన్ని ఒప్పుకోలేదు. మే నాటికి విచారణలు ముగిశాయి. విడుదలయినవారు కూడా జైలు ఖర్చు కట్టందే బయటికి రావటానికి వీలులేదు.

తరువాత ఏమి చేయాలి? పాపం జరిగిందని అందరికీ తెలుసు. ఎవరిది అని అడగటానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

గ్రామ సంఘంలో ముందు నోరు విప్పినవారు రెబెకా నర్స్ కొడుకు, అల్లుడు. 1693లో వారు పాదిరి ప్యారిస్ దగ్గరకు వెళ్ళారు. అల్లుడు జాన్ టార్బెల్ మొహం మీదనే చెప్పాడు, నీవు లేకపోతే మా అత్తగారు ఈవేళ బతికి ఉండేవారని. ప్యారిస్ ఏమి చేశాడు? మత్తయి పద్ధెనిమిదవ అధ్యాయం తీశాడు. మీరు క్రమప్రకారం రాలేదు, ఒక్కొక్కరుగా రావాలి, తరువాత సాక్షులతో రావాలి, కాగితం ఇవ్వాలి, ఇలా నెలలు గడిపాడు. ఆరోపణ చేసేటప్పుడు పనికిరాని క్రమం జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు కోటగోడ అయింది. రెబెకా నర్స్ ఇంటికి ఎవరయినా ఒంటరిగా వెళ్ళి ఆమె తప్పేమిటో చెప్పి వచ్చి ఆ తరువాత కదా కోర్టుకు పోవలసింది! 1694లో ప్యారిస్ తన పొరపాట్లు కొన్ని ఒప్పుకొంటూ ఒక ప్రకటన చదివాడు. చాలా జాగ్రత్తగా కూర్చిన మాటలు అవి. నర్స్ కుటుంబం తృప్తి పడలేదు. చివరకు అతడు ఊరు వదిలి వెళ్ళక తప్పలేదు.

న్యాయమూర్తులలో శామ్యూల్ స్యూయల్ ఒక్కడు. 1652లో ఇంగ్లండులో పుట్టి, చిన్నతనంలో వచ్చి, హార్వర్డులో చదివి, బోస్టన్‌లో వర్తకుడయినవాడు. మంచి తిండి, మంచి సంభాషణ ఇష్టపడే మనిషి. 1674నుంచి యాభై ఏళ్ళకు పైగా దినచర్య వ్రాశాడు. 1692 నాటి పేజీలలో విచారణల ప్రస్తావన చాలా తక్కువ. ఒకచోట మాత్రం, సేలంలో విచారణ చూచి వచ్చానన్న వాక్యం పక్కన, అయ్యో అనే అర్థం గల లాటిన్ మాటను తరువాత ఎప్పుడో మూడుసార్లు వ్రాసుకొన్నాడు. ఆ మార్జిను మాటలు నాకు పుస్తకమంతటికంటె ఎక్కువ చెబుతాయి.

1696 అతనికి చెడ్డ సంవత్సరం. మే నెలలో మృతశిశువు పుట్టింది. డిసెంబరు 23న రెండేళ్ళ కూతురు సారా పోయింది. మర్నాడు కొడుకు లాటిన్ పాఠంగా మత్తయి పన్నెండవ అధ్యాయం అప్పజెప్పాడు. అందులో ఏడవ వచనం, కనికరం అంటే ఏమిటో తెలిసి ఉంటే నిర్దోషులను దోషులని తీర్చి ఉండరు అన్న భావం గలది, అతనికి సేలంను భయంకరంగా జ్ఞాపకం చేసింది. అప్పటికే ప్రభుత్వం 1697 జనవరి 14ను ఉపవాస దినంగా ప్రకటించింది. ఆ ప్రకటన పాఠాన్ని తయారు చేసినవాడు కూడా స్యూయలే. అందులో తప్పిదాలు జరిగి ఉంటే దేవుడు క్షమించాలి అన్న ధోరణి ఉన్నది. ప్రభుత్వాల భాష అన్ని కాలాలలోనూ ఇంతే. తప్పులు వాటంతట అవే జరుగుతాయి, చేసినవాడు ఉండడు.

ఆ రోజు సభలో స్యూయల్ ప్రభుత్వ భాషను పక్కన పెట్టాడు. పాదిరి శామ్యూల్ విల్లర్డ్ లోపలికి వెళుతుండగా అతని చేతిలో ఒక చీటీ పెట్టాడు. విల్లర్డ్ దాన్ని పైకి చదువుతున్నంతసేపు స్యూయల్ తన చోట లేచి నిలబడ్డాడు. పూర్తయినాక తల వంచాడు. సేలం న్యాయస్థానం వల్ల కలిగిన దోషంలో తనకు తెలిసినంతలో అందరికంటె తన భాగం ఎక్కువ అని, ఆ నిందనూ సిగ్గునూ తాను తీసుకొంటానని, మనుషులు క్షమించాలని, దేవుడు క్షమించేలా ప్రార్థించాలని అందులో ఉన్నది. బోస్టన్‌లో అంత పెద్ద మనిషి, సభలో ముందు వరుసలో కూర్చునే మనిషి, తాగుబోతులు నిలబడినట్టు నిలబడ్డాడు.

ఆ చీటీలో సైతాను లేడు. ఈ విషయాన్ని ఎంతమంది గమనించారో తెలియదు గాని, నా దృష్టిలో అదే దాని గొప్పతనం. అదే కాలంలో పన్నెండుమంది జ్యూరీ సభ్యులు కూడా సంతకాలు పెట్టి క్షమాపణ ప్రకటించారు. వారు చీకటి శక్తుల మాయను గ్రహించలేకపోయామని అన్నారు. 1706లో ఇరవై ఆరేళ్ళ ఆన్ పుట్నమ్ గ్రామ సంఘంలో నిలబడగా కొత్త పాదిరి జోసెఫ్ గ్రీన్ ఆమె ఒప్పుకోలు చదివాడు. ఆమె కూడా అది సైతాను చేసిన మోసమని, కోపంతోనో పగతోనో చేయలేదని చెప్పింది. ఒక్క స్యూయల్ కాగితంలోనే కర్త ఉన్నాడు.

కాని అతన్ని పూజించవలసిన పని లేదు. జ్యూరీ సభ్యులు బాధపడిన కుటుంబాలను ప్రత్యేకంగా పేర్కొని వారి క్షమాపణ అడిగారు. ఆన్ పుట్నమ్ రెబెకా నర్స్‌నూ, ఆమె ఇద్దరు అక్కచెల్లెళ్ళనూ పేర్కొని వారి బంధువుల క్షమాపణ అడిగింది. స్యూయల్ చీటీలో చనిపోయినవారి పేరు ఒక్కటీ లేదు. పైగా దేవుడు తన ఇంటి మీద పదేపదే దెబ్బ కొడుతున్నాడన్న స్పృహతోనే అది మొదలవుతుంది. బిడ్డలు పోకపోతే లేచి నిలబడేవాడా? ఈ ప్రశ్నను తప్పించుకోలేము. అతడు బోస్టన్ సభలో నిలబడ్డాడు. నర్స్ కుటుంబం ఉన్నది సేలం గ్రామంలో. మార్గరెట్ జేకబ్స్ వెళ్ళిన దూరం అతడు వెళ్ళలేదు.

అయినా మిగిలిన న్యాయమూర్తుల పక్కన పెట్టి చూడాలి. స్టోటన్ తన అప్పటి తెలివినిబట్టి తీర్పు చెప్పానని, ఒప్పుకోవలసినది ఏమీ లేదని భావించినట్టు చరిత్రకారులు వ్రాశారు. అతడు తాత్కాలిక గవర్నరుగా పనిచేసి 1701లో గౌరవంగా చనిపోయాడు. జాన్ హాథార్న్ నోరు మెదపలేదు. ఆ హాథార్న్ వంశంలోనే నవలాకారుడు నథానియల్ హాథార్న్ పుట్టాడు. పాపం, ఒప్పుకోలు అన్న వస్తువులు అతన్ని జీవితమంతా వదలలేదు. 1850 నాటి 'ది స్కార్లెట్ లెటర్'లో పాదిరి తన పాపాన్ని ఏడేళ్ళు దాచి, చివరకు జనం మధ్య వేదిక మీద చెబుతాడు. ఇక్కడ సాహిత్య విద్యార్థిగా నాకొక అనుమానం. హాథార్న్ నవలలోని పాపం వ్యభిచారం. మిల్లర్ నాటకంలో జాన్ ప్రోక్టర్‌ను బాధించే పాపం కూడా వ్యభిచారమే. చరిత్రలో ప్రోక్టర్‌కు అరవై ఏళ్ళు, ఆ అబిగైల్ పదకొండేళ్ళ పిల్ల. ఆ సంబంధం మిల్లర్ కల్పన. న్యాయస్థానం ముసుగులో సమష్టిగా చేసిన హత్యను వస్తువుగా తీసుకొన్న గొప్ప రచయితలు కూడా, కథానాయకుని అంతరాత్మకు పని కల్పించవలసి వచ్చేసరికి పడకగది పాపాన్నే ఎందుకు ఆశ్రయించారు? సంతకం పెట్టి చేసిన పాపం కథకు చాలదా? స్యూయల్ అంతరాత్మను కలచినది సంతకం పెట్టిన చేయి. మన సాహిత్యంలో కూడా పశ్చాత్తాపమనగానే తాగుడు, సానికొంప, చెడిన ఆడది గుర్తుకు వస్తాయి. ఆఫీసు బల్ల ముందు కూర్చుని చేసిన పాపానికి పశ్చాత్తాపపడే పాత్రలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

ఇంత వ్రాసి నా సంగతి చెప్పకపోతే బాగుండదు. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసే చోట పరీక్షలో కాపీ కొట్టాడన్న ఆరోపణ మీద ఒక కుర్రవాడిని విచారించిన సంఘంలో నేనూ ఒకడిని. ఆ అబ్బాయి ఒప్పుకోలేదు. ఒప్పుకొన్న మరో ఇద్దరికి మందలింపుతో సరిపెట్టాం. ఇతనిది మొండితనమని భావించి పరీక్ష రద్దు చేయమని వ్రాశాం. చీటీ అతనిది కాదని ఆరు నెలల తరువాత మరొకరి ద్వారా తెలిసింది. అప్పటికి అతడు చదువు మానేశాడు. ఊరు పెద్ద దూరం కాదు, బస్సులో రెండు గంటలు. నేను ఇంతవరకు వెళ్ళలేదు. క్రైస్తవుడిని కాను గనుక మత్తయి సువార్త నన్ను కట్టడి చేయదని చెప్పుకోవచ్చు. బస్సుకు మతం లేదు.

స్యూయల్ వద్దకు వస్తాను. అతని ఒప్పుకోలు మాటతో ఆగిందా లేదా అన్నది చూడాలి. 1700లో బోస్టన్‌లో 'ది సెల్లింగ్ ఆఫ్ జోసెఫ్' అనే మూడు పేజీల కరపత్రం అచ్చువేశాడు. నీగ్రో బానిసల వ్యాపారాన్ని ఖండిస్తూ న్యూ ఇంగ్లండులో అచ్చయిన మొదటి రచనగా దాన్ని లెక్కిస్తారు. యోసేపును అన్నలు అమ్ముకోవటం ఎంత అన్యాయమో ఇదీ అంతే అన్నది వాదం. తోటి న్యాయమూర్తి జాన్ సాఫిన్ కోపించి జవాబు అచ్చువేశాడు. సాఫిన్ తన బానిస ఆడమ్‌కు మాట ఇచ్చిన స్వేచ్ఛను ఎగవేయజూశాడు. ఆడమ్ కోర్టులో పోరాడి 1703లో గెలిచాడు. తీర్పులో పొరపాటు చేశానని ఒకసారి ఒప్పుకొన్న మనిషి, తన వర్గం అందరూ సబబనుకొంటున్న మరొక దానిని కూడా అనుమానించటం నేర్చుకొన్నాడని నేను అనుకొంటాను. దీనికి రుజువు లేదు. కాని ఒక మనిషి జీవితంలో ఈ రెండూ ఊరకే పక్కపక్కన పడ్డాయని నమ్మటం నాకు కష్టం. అయితే ఆ కరపత్రంలోనే నీగ్రోలు తమ ప్రజలతో ఎన్నటికీ కలిసిపోలేరని, రంగులోనూ వెంట్రుకలలోనూ తేడా ఉన్నదని కూడా వ్రాశాడు. ఒక దూలం తీసినా కంటిలో మరొకటి మిగిలి ఉంటుంది.

నష్టపరిహారం సంగతి. 1711లో వలస ప్రభుత్వం దరఖాస్తు పెట్టుకొన్న కుటుంబాలవారి శిక్షలను రద్దు చేసి 578 పౌండ్ల 12 షిల్లింగులు పంచింది. సేలం పట్టణ సంఘం రెబెకా నర్స్ మీద వేసిన వెలిని 1712లో, ఆమె చనిపోయిన ఇరవై ఏళ్ళకు, తన పుస్తకంలోనుంచి కొట్టివేసింది. అడిగేవారు లేనివారి పేర్లు అలాగే ఉండిపోయాయి. 1957లో మసాచుసెట్స్ శాసనసభ ఒకరిని మాత్రం పేరుతో చెప్పి, తక్కినవారిని 'మరికొందరు' అన్నది. 2001లో మరి అయిదుగురి పేర్లు చేర్చారు. ఎలిజబెత్ జాన్సన్ అనే ఆమెకు 1693లో ఉరిశిక్ష పడి తప్పిపోయింది. పిల్లలు లేరు గనుక ఆమె తరఫున అడిగే వంశం లేదు. చివరకు ఒక బడిలో ఎనిమిదవ తరగతి పిల్లలు, వారి పంతులమ్మ పూనుకొని అడిగితే 2022లో ఆమె పేరు మీది మచ్చ తీశారు.

అందరికంటె ముందు ఒప్పుకొన్న టిట్యూబా ఈ జాబితాలు దేనిలోనూ లేదు. ఆమెకు శిక్ష పడలేదు గనుక రద్దు చేయవలసినదీ లేదు. యజమాని కొట్టి ఒప్పించాడని తరువాత ఆమె చెప్పినట్టు రాబర్ట్ కాలెఫ్ అనే బోస్టన్ వర్తకుడు 1700లో అచ్చయిన తన పుస్తకంలో వ్రాశాడు. ఆమె జైలు ఖర్చు కట్టటానికి ప్యారిస్ ఒప్పుకోలేదు. పదమూడు నెలలు జైలులో ఉన్నాక, ఆ ఖర్చు కట్టిన మరొకరికి ఆమెను అమ్మివేశారు.